గండం గడిచిన చోటల్లా పండుగ

తెలుగింట బిడ్డ పుట్టిన నాటినుంచి బడిలో చేరేదాకా జరిగే వేడుకలు లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళూ చాలవు. పురుడు, బారసాల, వస పోయడం, బోర్లా పడితే బొబ్బట్లు, అన్నప్రాశన, అడుగులకు అరిసెలు, పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టించడం, భోగిపళ్ళు, ఏటేటా పుట్టినరోజు, చివరికి అక్షరాభ్యాసం. ఇన్నిసార్లు చుట్టాలను పిలిచి పిండివంటలు చేసుకోవడానికి ముద్దూ మురిపెమూ ఒక కారణమే. వెనకటి రోజుల్లో దానికి తోడు భయమూ ఉండేది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో సుమారు 200 మంది తొలి ఏడు నిండకుండానే పోయేవారు. అంతకు ముందు కాలాల్లో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండి ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. పసిబిడ్డ ప్రాణం మీదికి వచ్చే మలుపులు ఎక్కడెక్కడ ఉండేవో, వేడుకలు చాలావరకు ఆ చుట్టుపక్కలే కనిపిస్తాయి.

ఈ వేడుకల్లో కొన్నింటికి రాతపూర్వకమైన మూలాలు చాలా పాతవి. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది పాటించే ఆపస్తంబ గృహ్యసూత్రం క్రీస్తుకు పూర్వపు శతాబ్దాల నాటిదని పండితుల అంచనా. పదో రోజున తల్లి పురిటి మంచం దిగి స్నానం చేశాక బిడ్డకు పేరు పెట్టాలని అది చెబుతుంది. మగబిడ్డ పేరులో రెండో నాలుగో అక్షరాలు ఉండాలి, ఆడబిడ్డ పేరులో బేసి సంఖ్యలో ఉండాలి. ఆరో నెలలో పెరుగు, తేనె, నెయ్యి, అన్నం కలిపి తినిపించాలి. మూడో ఏట చౌలం, అంటే శిఖ ఉంచి తల గొరిగించడం. ఆడపిల్లకు ఇవే సంస్కారాలు మంత్రాలు లేకుండా జరిపించమని మనుస్మృతి అంటుంది. ఈ గ్రంథాలు కొద్ది ఇళ్ళవి. మిగతా ఇళ్ళల్లో పెత్తనం మంత్రసానిదీ, ఇంటి పెద్దమ్మలదీ. చాలా ఊళ్ళలో మంగలి, చాకలి ఇళ్ళ స్త్రీలే మంత్రసానులు. పురిటి గదిలో వేపాకు ఎక్కడ కట్టాలో, బిడ్డకు ఎన్నో రోజున తలంటాలో వాళ్ళు చెప్పినట్టే నడిచేది.

తొలి పది రోజులు అన్నిటికంటే గడ్డుకాలం. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోస్తే సోకే ధనుర్వాతం మూడో రోజుకూ రెండో వారం చివరకూ మధ్యలోనే బిడ్డను పట్టేది. పట్టిందంటే బతకడం అరుదు. బారసాల చేసే రోజు ఇళ్ళను బట్టి పదకొండోది, లేదా ఇరవై ఒకటోది. ధనుర్వాతం లెక్క చూసుకునే ఈ రోజులు పెట్టారని ఏ శాస్త్రమూ చెప్పలేదు. అయినా ఆ గండం చాలావరకు దాటని బిడ్డకు చాలా ఇళ్ళల్లో పేరు లేదు, ఉయ్యాల లేదు, పేరంటమూ లేదు. తెలంగాణ పల్లెల్లో ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెల్లో వేయడమే పెద్ద వేడుక. కోస్తాలో పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి బంగారపు ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాస్తాడు. అదే రోజున బాలింతను నూతి దగ్గరికి తీసుకువెళ్ళి, గట్టుకు పసుపు కుంకుమ పెట్టించి, చేద వేయించి నీళ్ళు తోడిస్తారు. తల్లి మళ్ళీ ఇంటి పనిలోకి దిగిందనడానికి అది గుర్తు. కుళాయిలు వచ్చాక కూడా ఊళ్ళో మిగిలిన ఒక్క బావినీ వెతుక్కుంటూ వెళ్ళే ఇళ్ళు ఉన్నాయి. అపార్ట్‌మెంట్లలో బిందె ముందు పెట్టుకుని కానిచ్చేస్తున్నారు.

పసిబిడ్డను సాకే పద్ధతులు ఎంత పాతవో చెప్పడానికి తెలుగులో మంచి సాక్ష్యం ఒకటుంది. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో బెజ్జమహాదేవి కథ. శివుడికి తల్లి లేదే అని ఆమె దిగులు పడుతుంది. తల్లే ఉంటే ఆయనను అలా అడవుల్లో తిరగనిచ్చేదా అనుకుని, తానే తల్లినవుతానంటుంది. ఆ శివుణ్ణి బిడ్డగా చేసుకుని నూనె రాసి ఒళ్ళు పిసుకుతుంది, నీళ్ళు పోస్తుంది, కాటుక పెడుతుంది, పాలు పట్టి జోకొడుతుంది. ఆమెను పరీక్షించడానికి శివుడు అంగిట్లో జబ్బు వచ్చి పాలు మింగలేనట్టు నటిస్తాడు. బిడ్డ బతకడేమోనని ఆ తల్లి తన ప్రాణం తీసుకోబోతుంది. భక్తి కథే కావచ్చు, కానీ ఆనాటి తల్లి దినచర్య అంతా అందులో ఉంది. దేవుడు వచ్చి బిడ్డగా పుట్టినా పాలు తాగకపోతే తల్లి గుండె ఎలా జారిపోతుందో కూడా ఉంది.

వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో పద్ధతి వేరు. మళ్ళీ పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద ఒక క్షణం పడుకోబెట్టడమో, ఎంగిలి విస్తళ్ళలో పొర్లించడమో చేసి, పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, కుప్పయ్య అని పిలిచేవారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుని మృత్యువు పక్కకు తప్పుకుంటుందని ఆశ. బుగ్గన పెట్టే దిష్టిచుక్క ఉద్దేశమూ ఇలాంటిదే. ఈ పేర్లను మోటు పేర్లని తర్వాతి తరాలు నవ్వుకున్నాయి. ఆ తల్లిదండ్రులు మాత్రం నవ్వులాటకు పెట్టలేదు.

తొలి నెలల గండాలు దాటిన బిడ్డ ఇంట్లో వంటలకు తేదీలు తానే పెడుతుంది. బోర్లా పడితే బొబ్బట్లు వండి పంచుతారు. తొలి అడుగులు వేస్తే నేల మీద అరిసెలు పరచి, వేలు పట్టుకుని వాటి మీద నడిపిస్తారు. మాటలు వస్తే పంచదార చిలకలు పంచుతారు. ప్రాస కుదిరేలా వంటకాన్ని ఎంచిన తీరు చూస్తే ఇవి పురోహితుడు కాక ఆడవాళ్ళు అల్లిన వేడుకలని తెలిసిపోతుంది. మంత్రం లేదు, ముహూర్తం అంతకంటే లేదు. బిడ్డ ఎదుగుదల సరిగా ఉందో లేదో ఊరందరికీ తెలియజేసే ఏర్పాటు మాత్రం చక్కగా ఉంది.

అన్నప్రాశన దగ్గరికి వచ్చేసరికి ముహూర్తం, మేనమామ, వెండిగిన్నె అన్నీ కావాలి. మగపిల్లలకు సరి నెలల్లో, ఆడపిల్లలకు బేసి నెలల్లో చేస్తారు. పాయసం నాకించాక పుస్తకం, కలం, బంగారం, డబ్బు, కత్తి వంటివి ఎదురుగా పరచి బిడ్డను వదులుతారు. దేని మీద చెయ్యి వేస్తే ఆ దారిలో పైకొస్తుందని సరదా. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు చెబుతున్నదీ ఆపస్తంబుడు చెప్పినదీ దాదాపు ఒకే కాలం. తేనె విషయంలో మాత్రం నేటి వైద్యులు ఒప్పుకోరు, ఏడాది లోపు పిల్లలకు దాన్ని పెట్టవద్దంటారు.

పుట్టువెంట్రుకలు మొక్కుకు సంబంధించినవి. బిడ్డ దక్కితే తల నీలాలు ఇస్తామని తిరుపతి వెంకన్నకో, వేములవాడ రాజన్నకో, యాదగిరి నరసన్నకో, ఊరి పోచమ్మకో మొక్కుకుంటారు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుని ముందుగా మూడు కత్తెర్లు వేశాక మంగలి కత్తి అందుకుంటాడు. గోలపెట్టే బిడ్డను ఓదార్చడమూ మేనమామ వంతే.

తెలుగునాట ముస్లిం ఇళ్ళల్లో ఏడో రోజున చేసే అకీకాలో కూడా తల గొరిగించడం ఉంది. దక్కనీ ముస్లింల ఆచారాలను వివరంగా రాసిన జాఫర్ షరీఫ్ ఏలూరు ప్రాంతం వాడే. హెర్క్‌లాట్స్ అనువదించిన ఆ గ్రంథం, ఖానూన్-ఎ-ఇస్లాం, 1832లో లండన్‌లో అచ్చయింది. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన బిడ్డకు తొలి పాఠం చెప్పించే బిస్మిల్లా వేడుకనూ, ఏటేటా సాల్‌గిరా పేరుతో దారానికి ఒక ముడి వేసే పద్ధతినీ దక్కనీ కుటుంబాలు తరతరాలుగా పాటించాయి.

హిందువుల ఇళ్ళల్లో అక్షరాభ్యాసం మిగతా సంస్కారాలంత పాతది కాదు. గృహ్యసూత్రాల్లో అది లేదు. చౌలం అయ్యాక లిపి, లెక్కలు నేర్పాలని అర్థశాస్త్రం చెబుతుంది గాని దాన్ని ప్రత్యేకమైన వేడుకగా వివరించినవి ఇంకా తర్వాతి గ్రంథాలే. అది జరిగే తీరును కళ్ళకు కట్టినట్టు చెప్పిన పాత పత్రం ఒకటి దొరుకుతుంది. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక అది. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే. బిడ్డకు అయిదేళ్ళు రాగానే పంతులునూ బడిపిల్లలనూ ఇంటికి పిలుస్తారని ఆయన రాశాడు. అందరూ వినాయకుడి బొమ్మ చుట్టూ కూర్చుంటారు. బిడ్డను బొమ్మకు సరిగ్గా ఎదురుగా కూర్చోబెట్టి, పంతులు పక్కన చేరి ధూపం వేసి, విద్య ప్రసాదించమని ప్రార్థన చెప్పిస్తాడు. తర్వాత వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేర్లు రాయిస్తాడు. తల్లిదండ్రులు ఇచ్చుకోగలిగింది పుచ్చుకుని వెళతాడు. మర్నాటి పొద్దున్నే బడి మొదలు.

ఆ బడి సంగతి కూడా కాంప్‌బెల్ వదల్లేదు. పిల్లలు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పొద్దున అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. జిల్లాలో ఉన్న 533 బడుల్లో 226 బడులలో తెలుగు చెప్పేవారు. మొత్తం విద్యార్థులు 6,641 మంది, అందులో ఆడపిల్లలు 60 మంది. అంటే బియ్యంలో వేలు పట్టి రాయించే ఆ వేడుక ఆనాడు దాదాపుగా మగపిల్లల వేడుక. ఉయ్యాల, ఉగ్గు, అరిసెల దాకా అన్న పక్కన సమానంగా నడిచిన చెల్లెలు అక్షరం దగ్గర ఆగిపోయింది. వసంత పంచమికి బాసర సరస్వతి గుడిలో పలకలు పట్టుకుని కూర్చునే పిల్లల్లో ఇప్పుడు ఆడపిల్లలూ ఉన్నారంటే అది ఆ తర్వాత సంపాదించుకున్నదే.

పుట్టినరోజుకు పాత లెక్క తిథి. ఆ రోజు తలంటి, కొత్తబట్ట కట్టి, చిరంజీవి అయిన మార్కండేయుణ్ణి తలచుకుని, పాలలో బెల్లం, నువ్వులు కలిపి తాగించడం కొన్ని కుటుంబాల ఆనవాయితీ. అంతకు మించి ఆర్భాటం లేదు. పంచాంగం అక్కరలేని ఇళ్ళల్లో పెద్దవానల ఏడు పుట్టాడనో, ఫలానా జాతరకు ముందు పుట్టిందనో గుర్తుపెట్టుకునేవారు. తేదీకి విలువ వచ్చింది ప్రభుత్వం వల్లా బడి వల్లానే. మద్రాసు జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. దేశమంతటా నమోదును తప్పనిసరి చేసింది 1969 నాటి చట్టం. ఈలోపు బడిలో చేర్చుకునే హెడ్‌మాస్టరు పిల్లవాడి ఎత్తు చూసి వేసిన తేదీలే రిజిస్టరుకెక్కాయి. ఒక తరంలో జూన్, జూలై నెలల్లో పుట్టినవాళ్ళు అంతమంది ఉండటానికి కారణం అదే. కేకు, కొవ్వొత్తులు ఈ తేదీ వెంట వచ్చినవే. దీపం వెలిగించే శుభకార్యంలో దీపం ఆర్పడమేమిటని గొణిగిన బామ్మలు కూడా మనవడి కేకు ముక్క కాదనలేదు.

ఇవన్నీ ఒక బిడ్డకు ఒక్కో రోజున జరిగేవి. భోగిపళ్ళు మాత్రం పిల్లలందరికీ ఒకే సాయంత్రం వస్తాయి. అయిదేళ్ళలోపు పిల్లలను పీట మీద కూర్చోబెట్టి, రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, చిల్లర నాణేలు, బంతి, చామంతి రేకులు గుప్పిట పట్టి, మూడుసార్లు దిగదుడిచి తల మీద పోస్తారు. దిష్టి తీసే పనినే ఆటగా మార్చిన వేడుక ఇది. పీట మీది బిడ్డ ఏడుస్తుంటే వీధి పిల్లలు డబ్బులు ఏరుకునే హడావుడిలో ఉంటారు.

ఈ వేడుకల వెనకున్న పాత భయం ఇప్పుడు చాలావరకు తగ్గింది. 2020 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం వెయ్యి జననాలకు శిశుమరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని భారతదేశం 2015 నాటికి అదుపులోకి తెచ్చింది. అంగన్వాడీ కేంద్రాల్లో ఆరు నెలలు నిండిన పిల్లలకు సామూహికంగా అన్నప్రాశన చేస్తున్నారు. తెలంగాణలో బడిబాట పేరుతో సర్కారు బడుల్లో అక్షరాభ్యాసం జరిపిస్తున్నారు. గండాలను లెక్కపెట్టే పని ఇప్పుడు టీకా కార్డుది. పుట్టగానే, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిది నెలలు నిండాక, ఏడాదిన్నర ప్రాంతంలో టీకాలు పడతాయి. డిపిటి రెండో బూస్టరు అక్షరాభ్యాసం వయసులోనే, అయిదారేళ్ళ మధ్య వేస్తారు.