మందపాటి ప్లేటుకు అతుకు

మిగ్ వెల్డింగ్ తేలికంటారు. పలుచటి రేకు మీద నిజంగా తేలికే. ట్రిగ్గర్ నొక్కితే తీగ దానంతటదే వస్తుంది, రాడ్డు మార్చక్కర్లేదు, స్లాగు కొట్టక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రి, పది మిల్లీమీటర్ల ప్లేటు చేతికిచ్చిన రోజున అసలు సంగతి చెప్పాడు: "మాస్టారూ, పైన చూసి మురిసిపోకండి. లోపలికి దిగిందో లేదో వైసులో పెట్టి విరిస్తేగానీ తెలీదు."

ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ని, కారణం తెలియందే ఊరుకోలేను. మిగ్ పుట్టింది పలుచటి రేకు కోసం కాదు. అప్పటికున్న, టంగ్‌స్టన్ ముల్లుతో ఆర్కు ముట్టించే టిగ్‌తో మందపాటి అల్యూమినియం అతకడం నత్తనడక. 1948లో అమెరికాలోని కొలంబస్ నగరంలో, ఎయిర్ రిడక్షన్ కంపెనీ సొమ్ముతో బాటెల్ పరిశోధన సంస్థ ఆ ముల్లును తీసేసి, కరిగిపోయే తీగకే ఆర్కు ముట్టించింది. లోహం గబగబా పడింది. ఇనుముకూ వాడదామంటే, కరిగిన లోహానికి గాలి తగలకుండా వదిలే ఆర్గాన్ వాయువు ధర అడ్డొచ్చింది. 1953లో సోవియట్ దేశపు ల్యుబావ్‌స్కీ, నోవోషిలోవ్ చవకైన కార్బన్ డయాక్సైడ్‌తో పని జరుగుతుందని ప్రకటించారు. మన షాపుల్లో సీఓటూ వెల్డింగ్ అనేది దీన్నే. అప్పట్లో లావు తీగ, భారీ కరెంటు, మహా వేడి.

మలుపు 1958-59లో వచ్చింది. తీగ సన్నబడింది, వోల్టేజి తగ్గింది. తీగ కొస కరిగిన మడుగులో మునిగి షార్టవుతుంది, ఆర్కు ఆరుతుంది, చుక్క తెగి మళ్లీ వెలుగుతుంది. ఇలా సెకనుకు 20 నుంచి 200 సార్లు! వేడి తక్కువ కాబట్టి రేకుకు చిల్లు పడదు, నిలువుగానూ తలమీదా అతకొచ్చు. ఇళ్లలో పెట్టుకునే చిన్న మిషన్లన్నీ ఈ కొమ్మకు కాసినవే. కానీ మందపాటి ప్లేటు ఆ కాస్త వేడినీ లాగేసుకుంటుంది. కరిగిన తీగ ఇనుములో కలవకుండా దాని మీద కూర్చుంటుంది, చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఆ పద్ధతిని తప్పుపట్టను. చిన్న మిషన్‌తో ఏదైనా అతకొచ్చని అమ్మేవాళ్ల మీదే నా కోపం.

1960ల మొదట్లో ఆర్గాన్‌కు కొద్దిగా ఆక్సిజన్ కలిపే స్ప్రే పద్ధతి వ్యాపించింది. మందానికి అది సరైనదే, కానీ సింగిల్ ఫేజ్ ఇంటి కనెక్షన్ మీద అది అడిగేంత కరెంటు లాగడం కష్టం. కాబట్టి మనకు మేస్త్రి దారే గతి: గ్రైండర్‌తో అంచుల్ని ఏటవాలుగా కొట్టి వి గాడి చేయాలి, నల్లటి పెచ్చు పోయి ఇనుము మెరవాలి, కరెంటు పెంచి పొర మీద పొర వేయాలి. నిలువు అతుకును పైనుంచి కిందికి లాగడం ఆయన చస్తే ఒప్పుకోడు.

ట్రైలర్‌కో జాకీ స్టాండుకో అతుకు పెట్టేముందు, అదే మందం తుక్కు ముక్కలు రెండు అతికి, వైసులో బిగించి సుత్తితో విరవండి. విరిగినచోట గ్రైండర్ గీతలు చెక్కుచెదరకుండా కనిపిస్తే అది అతుకు కాదు. దాని మీద బరువు మోపకండి.