కుడివాటము, ఎడమవాటము

కుడికాలి చెప్పును ఎడమకాలికి తొడిగినచో నాలుగడుగులు వేయకముందే పాదము మొరపెట్టును. రెండు చెప్పులకును తోలు ఒకటే, తూకము ఒకటే. కాని ఒకటి రెండవదానికి అద్దములోని ప్రతిబింబము. అణువులలో కూడ ఇట్టి జోళ్లు కలవు. ఆ భేదమును ప్రాణి శరీరము పాదముకంటె నిశితముగా గుర్తించును.

ఈ సంగతి బయటపడుటకు ద్రాక్షసారా పీపాలు కారణమైనవి. వాని లోగోడలకు పొరగా అంటుకొను లవణమునుండి టార్టారికామ్లము తీయుదురు. చింతపండు పులుపునకును ముఖ్యకారణమిదియే. ఒకే తలములో కంపించు కాంతిని, అనగా ధ్రువిత కాంతిని, దీని ద్రావణము గుండా పంపినచో ఆ తలము కుడివైపునకు తిరుగును. ద్రవములు కాంతినిట్లు త్రిప్పునని 1815లో కనుగొన్నవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో. తరువాత ద్రాక్షనుండియే లభించిన రెసీమికామ్లము అన్ని విధముల టార్టారికామ్లమును పోలియుండియు కాంతిని ఏ వైపునకును త్రిప్పలేదు. ఈ రెంటి సోడియం అమోనియం లవణముల స్ఫటికములలో సైతము భేదము లేదని 1844లో జర్మను రసాయనజ్ఞుడు మిట్షర్లిక్ ప్రకటించెను.

లూయీ పాశ్చర్‌కు ఈ మాట మింగుడుపడలేదు. 1848లో, ఇరువదియైదేండ్ల వయస్సున, అతడు పారిస్‌లో ఆ స్ఫటికములను ఒక్కొక్కటిగా త్రిప్పి చూచెను. టార్టారిక్ లవణపు స్ఫటికములన్నిటికిని ఒక చిన్న ముఖము ఒకే వైపున ఏటవాలుగా ఉండెను. రెసీమిక్ లవణములో ఆ ముఖము ఉండదని అతని ఊహ. కాని ఉన్నది! కొన్నిటికి కుడివైపున, కొన్నిటికి ఎడమవైపున. బియ్యములో రాళ్లేరినట్లు రెంటిని వేరుచేసి నీటిలో కరగించి చూడగా ఒక ద్రావణము కాంతిని కుడికి, రెండవది అంతే ఎడమకు త్రిప్పెను. రెండును సమముగా కలిసినచో ఒకదాని పని మరియొకటి చెరుపును.

డెబ్బదినాలుగేండ్ల బియో దీనిని వినినంతనే నమ్మలేదు. తాను సమకూర్చిన రసాయనములతో, తన కన్నుల యెదుట, ప్రయోగమును మరల చేయించెను. చూచినపిమ్మట ఆ యువకునికి జీవితాంతము అండగా నిలిచెను. ఇందు పాశ్చర్ అదృష్టము కూడ కొంత కలదు. ఈ లవణము సుమారు 27 డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడిన చల్లదనమునందే ఇట్లు రెండు తెగలుగా విడివడును. బెజవాడ ఎండలలో ప్రయత్నించియుండినచో అతనికి కలగలుపు స్ఫటికములే దొరకియుండును.

అటుపిమ్మట పాశ్చర్ రెసీమిక్ లవణపు ద్రావణములో బూజును పెంచెను. బూజు కుడివాటపు అణువులను తిని, ఎడమవాటపు వానిని విడిచివేసెను! 1886లో ఇటలీ దేశస్థుడు పియుట్టి ఆస్పరజిన్ అను పదార్థపు జోడులో ఒకటి తియ్యగాను, మరియొకటి చప్పగాను ఉండునని తెలిపెను. నాలుకకును వాటము కలదన్నమాట. ప్రాణుల మాంసకృత్తులు దాదాపు పూర్తిగా ఎడమవాటపు అమైనో ఆమ్లములతో కట్టబడియుండుటయే దీనికి మూలము. ఒకే వాటపు తొడుగులో రెండవ చేయి ఎట్లు దూరును?

వైద్యులకు ఇది వేడుక సంగతి కాదు. పార్కిన్‌సన్ వ్యాధి రోగులకు 1967లో అమెరికాలో కాట్జియస్ డోపా యొక్క రెండు రూపములను కలిపి ఇచ్చెను. వణుకుతో బిగిసిన రోగులు కోలుకొనిరి గాని, కొందరిలో తెల్లరక్తకణములు తగ్గినవి. 1969 నాటికి ఎడమరూపమును మాత్రమే ఇచ్చి, తక్కువ మోతాదుతోనే గుణము సాధించెను.

థాలిడొమైడ్ కథ ఇంత సులభము కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకమునకు వచ్చి, 1961 చివర ఉపసంహరింపబడిన ఆ మందును గర్భిణులు వాడుటవలన పదివేలకు పైగా శిశువులు అవయవలోపములతో జన్మించిరని అంచనా. దోషము ఒక రూపముదేననియు, రెండవదానినే ఇచ్చియుండినచో ఆపద తప్పెడిదనియు పలువురు వ్రాయుచుందురు. తరగతిగదులలో కూడ ఇట్లే చెప్పుట కలదు. అది సరికాదు. శరీరములో కొలది గంటలలోనే ఒక రూపము రెండవదిగా మారిపోవును. ఏది మింగినను తల్లి రక్తములో రెండును చేరును. జోడులో ప్రతి రూపమును శరీరములో ఏమగునో విడివిడిగా తెలిసికొనవలెనని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1992లో మందుల తయారీదారులకు సూచించెను.