వెన్ను కండరం తరిగితే వెన్నెముకకు ముప్పు

సూరత్: గుజరాత్‌లోని సూరత్ మరమగ్గాలపై తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. గంటల తరబడి నిలబడి, వంగి తెగిన పోగులు అతికే పనిలో భారమంతా వెన్నుపైనే పడుతుంది. వయసు మీదపడే కొద్దీ ఆ భారాన్ని మోసే కండరం తరిగిపోతుంది.

సార్కోపీనియా అంటే: వయసుతోపాటు కండర పరిమాణం, బలం క్షీణించడాన్ని సార్కోపీనియా అంటారు. అమెరికా పరిశోధకుడు ఇర్విన్ రోసెన్‌బర్గ్ 1989లో ఈ పేరును ప్రతిపాదించారు. 30 ఏళ్ల తర్వాత దశాబ్దానికి 3 నుంచి 8 శాతం కండరం తగ్గుతుందని అంచనా. 60 దాటాక ఈ వేగం పెరుగుతుంది.

వెన్నెముకపై ప్రభావం: వెన్నుపూసలను అంటిపెట్టుకుని ఉండే మల్టిఫిడస్ వంటి కండరాలు సన్నబడి, వాటిలో కొవ్వు చేరుతుంది. ఫలితంగా డిస్కులు, కీళ్లపై ఒత్తిడి అధికమవుతుంది. నడుము ముందుకు వంగుతుంది. తూలిపడే ప్రమాదం పెరుగుతుంది. ఎముకలు గుల్లబారిన వారిలో వెన్నుపూస విరగవచ్చు.

నివారణ: పనిలో పడే శ్రమ వ్యాయామానికి ప్రత్యామ్నాయం కాదు. ఒకే భంగిమ కండరాన్ని అలసటకు గురిచేస్తుందే తప్ప బలపరచదు. క్రమంగా బరువు పెంచుతూ చేసే వ్యాయామంతో 90 ఏళ్ల వృద్ధులలోనూ కాళ్ల బలం పెరిగినట్లు 1990లో అమెరికాలో జరిగిన అధ్యయనం వెల్లడించింది. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అవసరం. 60 కిలోల వ్యక్తికి ఇది సుమారు 50 గ్రాములు. పప్పులు, పాలు, గుడ్లు, చేపల ద్వారా దీనిని పొందవచ్చు.

నడుము నొప్పితోపాటు కాళ్లు మొద్దుబారినా, మూత్రంపై అదుపు తప్పినా వెంటనే వైద్యుని సంప్రదించాలి.