నిట్టాడు లేని ఇల్లు

కజకిస్తాన్‌లోని అల్మాటీలో మార్చి 22 అంటే నౌరీజ్. మన ఉగాదికి కాస్త అటో ఇటో వచ్చే సంవత్సరాది. కొండల మీద మంచు ఇంకా కరగదు గానీ, ఊరి నడుమ మైదానాల్లో మాత్రం గుండ్రటి తెల్లటి ఇళ్లు రాత్రికి రాత్రి పుట్టగొడుగుల్లా లేస్తాయి. లోపలికి వెళ్తే నౌరీజ్ కోజె అనే జావ గిన్నెలో పోసి చేతికిస్తారు. అందులో ఏడు దినుసులుండాలట. ఆరు రుచుల పచ్చడి తిని పెరిగిన నెల్లూరు తీరపు మనిషి ఏడోది ఏమిటా అని వెతుక్కుంటాడు. మాంసం, కొవ్వు, ఉప్పు, పిండి, ధాన్యం, పాలు ఆరయ్యాయి. ఏడోది నీళ్లు! నీళ్లను కూడా దినుసుల్లో లెక్కేసే జనం ఎక్కడో ఎండిన నేల మీద చాలాకాలం బతికి ఉండాలని ఈ వ్యాసకర్తకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ ఇళ్లలో ఒకదాని ముందు నిలబడి ఇంటికి వీడియో కాల్ చేశాడు. పులికాట్ గాలి తగిలే ఊళ్లో, వసారాలో కూర్చున్న వాళ్లమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏందబ్బయా అది? ఆడ గూడా యానాదోళ్లు ఉండారా?" అంది.

యానాదులంటే మన తీరపు గిరిజనులు. అప్పటికి నవ్వేసి ఫోన్ పెట్టేశాడు. ఆరేళ్లుగా ఇక్కడ తెలుగు వైద్య విద్యార్థుల మెస్‌లో లెక్కలు రాసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతున్నాడు.

ముందు పేరు సంగతి. ప్రపంచమంతా యుర్తా అంటుంది. అది రష్యన్ల నోటి మాట. కజక్కులు మాత్రం కియిజ్ ఉయ్ అంటారు, ఉన్ని నమదా ఇల్లు అని. వాళ్ల భాషలో జుర్త్ అంటే జనం. ఇల్లు విప్పి తీసుకుపోయాక నేల మీద మిగిలే గుండ్రటి జాడ కూడా జుర్తే. "ఊరంతా కదిలింది" అన్నప్పుడు మనం నేల గురించి మాట్లాడుతున్నామా, మనుషుల గురించా? అలాంటి మాటే ఇదీ.

ఇక కట్టడం. దగ్గరుండి చూడాల్సిందే. ముందు కెరెగె వస్తుంది. సన్నటి విల్లో కర్రలను ఏటవాలుగా అల్లి, కలిసిన చోటల్లా పచ్చితోలు ముడి వేసిన జాలీ అది. బ్యాంకు ముందరి మడత గేటులా లాగితే సాగుతుంది, తోస్తే ముడుచుకుంటుంది. దాన్ని గుండ్రంగా నిలబెట్టి నడుమ ద్వారబంధం బిగిస్తారు. తర్వాత ఒక మనిషి మధ్యలో నిలబడి, చీలిక కొన ఉన్న పొడవాటి కర్రతో చక్రం లాంటి చట్రాన్ని పైకెత్తి పడతాడు. అది షనిరాక్. చుట్టూ ఉన్నవాళ్లు ఉయిక్ అనే వంపు వాసాలను ఒక్కొక్కటిగా దాని రంధ్రాల్లో గుచ్చి, రెండో కొసను జాలీకి కట్టేస్తారు. వాసాలన్నీ పడ్డాక నడిమి మనిషి తన కర్ర తీసేసుకుని పక్కకు వెళ్లిపోతాడు.

చక్రం గాల్లో అలాగే నిలుస్తుంది!

మన తాటాకు ఇంటికి నడుమ నిట్టాడు లేకపోతే కప్పు ఎక్కడిది? ఇక్కడ ఆ పని ఎవరు చేస్తున్నారో తెలియక ఈ వ్యాసకర్త తల పైకెత్తి చాలాసేపు చూశాడు. చివరికి తాతగారి ఎద్దుల బండి అర్థం చెప్పింది. బండి చక్రంలో కుండ ఉంటుంది, ఆకులుంటాయి, చుట్టూ ఇనప పట్టా ఉంటుంది. షనిరాక్ కుండ, వాసాలు ఆకులు. వాసాలన్నీ కుండను లోపలికి నొక్కుతాయి, వాటి కాళ్లు గోడను బయటికి తంతాయి. గోడ విచ్చుకోకుండా చుట్టూ బిగించిన నేత పట్టీయే ఇనప పట్టా. మేకు ఒక్కటి లేదు. చేయి తిరిగిన ఆడవాళ్లు గంటసేపట్లో నిలబెట్టేస్తారు. విప్పితే రెండు మూడు ఒంటెలు మోసే బరువు.

పైన కప్పేది నమదా. గొర్రె ఉన్నిని బెత్తాలతో కొట్టి, పరిచి, వేడినీళ్లు చల్లి, గడ్డి చాపలో చుట్టి, అందరూ కలిసి దొర్లించి తొక్కితే అట్టలా బిగుస్తుంది. చలినీ ఎండనూ ఆపుతుంది. మరి మన దగ్గర ఇది ఎందుకు పుట్టలేదు? గొర్రెలకు కొదవా అంటే, నెల్లూరు జాతి గొర్రె దేశమంతా పేరున్నదే. పల్ల, జొడిపి, దొర అని మూడు రకాలు, నిలువెత్తు జీవాలు. కానీ వాటి ఒంటి మీద ఉన్నది వెంట్రుకే, ఉన్ని కాదు. తెలంగాణ కురుమలకు దక్కనీ గొర్రె గొంగడినిచ్చింది. నెల్లూరు గొర్రె మాంసం ఇచ్చి ఊరుకుంది. దానికీ కారణముంది. మన ఉక్కలో ఉన్నితో తిరగమంటే ఏ గొర్రె ఒప్పుకుంటుంది? ఈ వ్యాసకర్త ఈ సిద్ధాంతాన్ని ఒక కజక్ పెద్దాయనకు వివరించబోతే, ఉన్ని లేనిది గొర్రె ఎలా అవుతుందని ఆయన చివరిదాకా నమ్మలేదు.

ఇల్లు మాటల్లోకి కూడా పాకింది. కజక్ కుర్రాడికి పెళ్లయితే షనిరాక్ ఎత్తాడంటారు. మనం ఒక ఇంటివాడయ్యాడనే మాటే, తేడా లేదు. తండ్రి ఇల్లు చిన్న కొడుకుకు దక్కుతుంది, దాన్ని కారా షనిరాక్ అంటారు. గడప తొక్కితే ఇక్కడి ముసలమ్మలు కసురుతారు, పసుపు రాయరు గానీ కసురు మాత్రం అచ్చం మన నాయనమ్మదే. సోవియట్ యూనియన్ చెదిరి 1991 డిసెంబరు 16న స్వతంత్రమయ్యాక, మరుసటి ఏడాది జూన్‌లో ఈ దేశం రాజచిహ్నం నడుమ కొడవలీ సుత్తీ స్థానంలో పెట్టుకున్నది ఈ చక్రాన్నే. ఇంటి కప్పును దేశానికి గుర్తుగా పెట్టుకున్నారంటే ముచ్చటేసింది. ఆ ముచ్చట వెనకాల ఏముందో తర్వాత తెలిసింది.

ఖాన్‌ల పేర్లూ జార్‌ల తేదీలూ వల్లిస్తే పాఠకులు నిద్రపోతారు. ఒక్క సంగతి మాత్రం వదలకూడదు. 1920ల చివర్లో ఇక్కడి కమ్యూనిస్టు పార్టీ పెత్తనం ఫిలిప్ గొలొష్చోకిన్ చేతిలో ఉండేది. జార్ కుటుంబాన్ని చంపించిన వ్యవహారంలో పాత్ర ఉన్నవాడు. తిరిగే జనం వెనకబడ్డ జనం, కాబట్టి నిలబెట్టాలన్నారు. మందల్ని సమష్టి క్షేత్రాలకు తోలారు, మాంసం కోటాలు గుంజారు. ఇళ్లూ బావులూ లేని చోట్ల స్థిరపడమన్నారు. కొన్నిచోట్ల యుర్తాలనే వీధుల్లా బారుగా నిలబెట్టి, ఇదిగో గ్రామం అన్నారు. ఇల్లు కదలకపోతే మంద మేతకు పోలేదు. మంద లేకపోతే మనిషికి తిండి లేదు. పశువులు దాదాపు పదో వంతుకు పడిపోయాయి. 1930 నుంచి 1933 వరకు సుమారు 15 లక్షల మంది ఆకలితో పోయారని చరిత్రకారుల లెక్క. అందులో 13 లక్షల మంది కజక్కులే, ఆ జాతిలో మూడో వంతుకు పైగా. ఆ కరువును వాళ్లు అషర్షిలిక్ అంటారు. మన పెద్దలు ధాత కరువని తలుచుకున్న 1876-78 కాలంలో వానలు ఎగ్గొట్టాయి, పైన పాలకుల పట్టనితనం తోడైంది. ఇక్కడ మాత్రం కదిలే ఇంటిని ఇల్లని ఒప్పుకోని ఆలోచనే కరువును తెచ్చింది.

అమ్మ ప్రశ్న ఇక్కడ మళ్లీ గుర్తొస్తుంది. యానాదుల గుడిసెల గురించి 1909లో మానవశాస్త్రవేత్త ఎడ్గర్ థర్స్టన్ రాసిందీ, ఈ వ్యాసకర్త చిన్నప్పుడు సరుగుడు తోపుల పక్కన చూసిందీ ఒకటే. పొట్టిగా, మొనదేలిన కప్పుతో, తాటాకు కప్పిన గూడు. పెద్దవాళ్లు వంగి దూరాలి. వంట బయటే, వానలేని రాత్రి పడకా బయటే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానులాంటిది వస్తే అదీ ఎగిరిపోతుంది, కాదనడం లేదు. పోయినా, తాటాకు, సరుగుడు కర్రలు, నార తాడు చేతికందితే మళ్లీ లేస్తుంది. ఎలుకల బొరియల వెంటా పులికాట్ చేపల వెంటా తిరిగే బతుక్కి అది సరిపోయిన ఇల్లు.

ఇంకో పోలిక ఉంది, వద్దనుకున్నా వదలడం లేదు. 1955లో ఈ దేశపు గడ్డిమైదానంలో త్యురాతామ్ అనే రైల్వే స్టేషన్ పక్కన సోవియట్ ప్రభుత్వం రాకెట్ కేంద్రం మొదలుపెట్టింది. అదే బైకొనూర్. 1957లో స్పుత్నిక్, 1961లో గగారిన్, 1984 ఏప్రిల్ 3న మన రాకేశ్ శర్మ అక్కడి నుంచే వెళ్లారు. అప్పటి నెల్లూరు జిల్లాలో, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట యానాదుల దీవి. 1969లో దాన్ని రాకెట్లకు ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి లేచింది. దీవి యానాదుల్ని తీసుకెళ్లి వేరేచోట కుదిర్చారు. రెండు చోట్లా కారణం ఒకటే, పైనుంచి చూసినవాళ్లకు అది ఖాళీ నేలలా కనిపించింది. రాకెట్ ఎగిరితే ఈ వ్యాసకర్తకూ ఒళ్లు పులకరిస్తుంది, చిన్నప్పుడు మేడెక్కి చప్పట్లు కొట్టినవాడే. ఎవరి గుడిసె జాడ మీంచి అది లేచిందని మాత్రం అప్పుడు అడగలేదు.

కజక్కులకు స్వతంత్రం వచ్చాక అంతా సర్దుకుందా అంటే, అల్మాటీ శివార్లలో షనిరాక్ అనే పేదల పేటే ఉంది. కాగితాలు లేని ఇళ్లని 2006 జులైలో కూల్చడానికి వస్తే జనం ఎదురుతిరిగారు, ఒక పోలీసు ప్రాణం పోయింది. వాళ్ల పక్షాన నిలిచిన కవి అరోన్ అతబెక్‌కు 18 ఏళ్ల శిక్ష పడింది. 2021 అక్టోబరులో విడుదలై నవంబరులో కన్నుమూశాడు. రాజచిహ్నం మీదున్న మాటే ఆ పేట పేరు కూడా.

ఇప్పుడు సరస్సుల పక్కన యుర్తాలు రాత్రికింతని అద్దెకు దొరుకుతాయి. నమదా మీద కాన్వాసు, లోపల హీటరు, వైఫై. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు సాదాసీదా బతుకెంత హాయో అంటూ ఫొటోలు దిగుతారు. వాళ్లను ఎగతాళి చేయడానికి నోరు రాదు, ఎందుకంటే ఈ వ్యాసకర్త ఉండేది క్రుష్చోవ్ కాలంలో కట్టిన ఐదంతస్తుల మేడలో ఒంటి గది. మంచం దించితే బల్లకు చోటుండదు. బొమ్మిడాయిల పులుసు వాసన గుర్తొచ్చిన రాత్రి ఆ గది ఇంకా ఇరుకవుతుంది. అయితే తేడా ఒకటుంది. అద్దె యుర్తా నచ్చకపోతే ఖాళీ చేయొచ్చు. పట్టా లేని యానాది కుటుంబానికి గుడిసె ఒక ముచ్చట కాదు. వాళ్లు అడిగేది కరెంటూ, పట్టా ఉన్న పక్కా ఇల్లే. అడగాల్సిందే, ఇవ్వాల్సిందే.

అమ్మకు జవాబు మొన్న చెప్పాడు. "యానాదోళ్లు లేరు గానీ, వాళ్లకు జరిగిందే ఇంతకంటే ఘోరంగా జరిగిన జనం ఉండారు. ఇప్పుడా ఇంటినే జండా ఎత్తినట్టు ఎత్తుకున్నారు." ఆమె కాసేపు ఆగి, "మనోళ్ల గుడిసెను ఎవురెత్తుకుంటారబ్బయా?" అంది.

కజక్, కిర్గిజ్ యుర్తా కట్టే విద్యను 2014లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన గుడిసె కట్టే విద్యనూ ఎవరో ఒకరు రాసి పెట్టాలి. అందుకే ఈ వ్యాసం చదివే నెల్లూరు తీరంవాళ్లకు ఒక విన్నపం. మీ ఊరి గిరిజన కాలనీలో పాత తాటాకు గుడిసె కట్టడం తెలిసిన పెద్దాయనో పెద్దమ్మో ఇంకా ఉంటే, ఈ వేసవిలో పూర్తి కూలి ఇచ్చి ఒకటి కట్టించండి. ఏ కర్ర తర్వాత ఏ కర్ర పడుతుందో, ఏ ముడిని వాళ్లు ఏమంటారో వాళ్ల మాటల్లోనే రాసి, కొలతలతో సహా అల్మాటీకి పంపండి. పోస్టు ఖర్చు ఈ వ్యాసకర్తది.