అలెగ్జాండర్ చిలుక, మన రామచిలుక

మా వీధికి చిలుక జోస్యం చెప్పే తాత ఒకాయన వస్తుంటాడు. ఆయన పంజరంలో రెండు చిలుకలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తల్లీబిడ్డలనుకునేదాన్ని. సైన్సు మాస్టారికి చెబితే నవ్వేసి, "రెండింటి మెడకీ గులాబి పట్టీ ఉందా? అయితే రెండూ మగవేనమ్మా" అన్నారు. ఎదిగిన మగపక్షికే ఆ పట్టీ ఉంటుందట. పైగా అవి రెండు వేరు వేరు జాతులు.

చిన్నది మన రామచిలుక. తోకతో కలిపి సుమారు 40 సెం.మీ. ఉంటుంది. పెద్దది 60 సెం.మీ. దాకా పెరుగుతుంది, ముక్కు బాగా లావు, భుజం మీద కుంకుమ పూసినట్టు ఎర్రటి మచ్చ. దాని పేరు అలెగ్జాండ్రిన్ చిలుక. క్రీ.పూ. 326లో పంజాబు దాకా వచ్చిన అలెగ్జాండర్ మనుషులు దీన్ని గ్రీసుకు తీసుకుపోయారని, అందుకే ఆ పేరని చెబుతారు.

ఇక్కడే నాకు అనుమానం వచ్చింది. పంజాబులో రెండు జాతులూ ఉన్నాయి కదా, తీసుకుపోయింది పెద్దదాన్నేనని ఎలా చెప్పగలం? అసలు అలెగ్జాండర్ పుట్టకముందే, పర్షియా రాజు దగ్గర వైద్యుడిగా ఉన్న క్టేసియస్ అనే గ్రీకువాడు మనిషిలా మాట్లాడే భారతదేశపు పక్షి గురించి రాశాడు. తర్వాత ఒకటో శతాబ్దంలో రోము రచయిత ప్లినీ, భారతదేశం నుంచి వచ్చే చిలుకకు ఒళ్లంతా ఆకుపచ్చ, మెడకు మాత్రమే సింధూరం రంగు పట్టీ అని రాశాడు. భుజం మచ్చ ఊసే లేదు! అంత ఎర్రటి మచ్చ కళ్లబడితే రాయకుండా ఉంటాడా? ప్లినీ చెప్పింది మన రామచిలుక గురించేనని నాకనిపిస్తుంది. పేరు మాత్రం పెద్దదానికి దక్కింది.

ప్లినీ ఇంకో మాట కూడా రాశాడు. చిలుక తల దాని ముక్కంత గట్టిదట, అందుకని మాటలు నేర్పేటప్పుడు ఇనుప కడ్డీతో తల మీద కొట్టేవారట. అది చదివాక రెండు రోజులు నాకు అదే గుర్తొచ్చింది.

మా తాత కొట్టడు. కానీ రెక్కలు కత్తిరించాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. పోయిన వారం ఆయన వస్తే భయపడుతూనే ఆ మాట చెప్పాను.

"తెలుసు పాపా. ఇప్పుడు వదిలిపెడితే కాకులు బతకనిస్తాయా?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. అమ్మ జామకాయ ముక్కలు తెచ్చింది. పెద్దది కాలితో పట్టుకుని తింది. చిన్నది వెనక్కి జరిగింది.