టొలెడో డేగ

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద జగ్గయ్యపేట నుంచి నందిగామకు సైకిలు తొక్కేవాణ్ని ఏడిపించేది ఎదురుగాలి. మెట్ట ప్రాంతమే అయినా ఘాట్ రోడ్డంటూ లేదు. ఇలాంటి దారిలో ముందువాడి వెనక నక్కితే గాలి తగ్గి, చాలా శ్రమ తప్పుతుంది. నిలువు కొండ మీద ఆ చాటు పెద్దగా అక్కరకు రాదు. వేగం పడిపోయాక ఒంటి బరువే శత్రువు. అందుకే సైకిలు పందాల్లో బక్కపలచని మనుషులు కొండల కోసం కాచుకుని ఉంటారు.

1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్‌ను 1910లో నిర్వాహకులు పిరెనీస్ కొండల్లోకి మళ్లించారు. 2,115 మీటర్ల టూర్మలే కనుమను అందరికన్నా ముందు దాటిన ఆక్టేవ్ లపీజ్, ఆ రోజే నిర్వాహకులను హంతకులని తిట్టిపోశాడు. తిట్టినా తొక్కాడు, ఆ ఏడు టూర్ గెలిచాడు. కొండలెక్కడంలో మేటికి విడిగా పోటీ పెట్టింది మాత్రం 1933లో. దాని తొలి విజేత స్పెయిన్ వాడైన విసెంటె త్రుయేబా.

ఆ దేశం నుంచే, టొలెడో డేగ అని పేరుపడ్డ ఫెడెరికో బహమాంటెస్ వచ్చాడు. 1928లో టొలెడో దగ్గరి పల్లెలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసేనాటికి పదేళ్లవాడు. దేశమంతా ఆకలి. పెద్దయ్యాక మార్కెట్‌లో పనిచేస్తూ పాత సైకిలు కొనుక్కుని, దాని మీద సరుకులు మోశాడు. అందులో నల్లబజారు సరుకూ ఉండేది. తెల్లవారకముందే కూరగాయల బుట్టలు, పాలక్యాన్లు క్యారియర్‌కు కట్టుకుని పల్లెల నుంచి నందిగామ చేరినవాళ్లకు ఆ కష్టం తెలుసు. ఎత్తు రాగానే సీటు మీద నుంచి లేచి, ఒంటి బరువంతా ఒక్కో పెడల్ మీద మోపాలి. వెనక బరువు పక్కకు లాగకుండా హ్యాండిల్ బిగించి పట్టుకోవాలి. బహమాంటెస్‌కు తొలి శిక్షణ అదే.

1954లో తొలి టూర్‌లోనే కొండల రారాజు అయ్యాడు. ఆ ఏడు రొమెయేర్ కనుమ మీదికి అందరికన్నా ముందు చేరి, చక్రం పుల్లలు విరగడంతో జట్టు కారు కోసం ఆగాల్సివచ్చింది. ఆ కాసేపూ ఐస్‌క్రీమ్ తింటూ నిలబడ్డాడు. దిగడానికి భయపడి ఆగాడని లోకం కథ అల్లింది. అందులో కొంత నిజమూ లేకపోలేదు: ఒకప్పుడు దిగుతూ ముళ్లజెముడు పొదలో పడ్డ మనిషి. ఎక్కుతూ సంపాదించింది దిగుతూ పోగొట్టుకునేవాడు. కొండల బిరుదు చాలు, మొత్తం పందెం మనకెందుకు అన్నట్టుండేది ఆయన ధోరణి.

ఆ ధోరణి మాన్పించింది ఇటలీ దిగ్గజం ఫౌస్తో కోపి. 1959లో బహమాంటెస్ కోపి జట్టు మనిషి. నువ్వు టూర్ గెలవగలవని కోపి అతణ్ని ఒప్పించాడు. ఆ వేసవి పూయి ద డోమ్ అనే అగ్నిపర్వతం మీదికి 12.5 కిలోమీటర్ల ఒంటరి పందెంలో బహమాంటెస్, మరో కొండల మేటి షార్లీ గాల్ సహా అందరినీ ఓడించాడు. పారిస్‌లో రెండో స్థానంలో నిలిచిన ఆంగ్లాద్ మీద నాలుగు నిమిషాల తేడాతో గెలిచి, టూర్ నెగ్గిన తొలి స్పెయిన్ వాడయ్యాడు.

కొండల బిరుదు 1964 వరకు మొత్తం ఆరుసార్లు దక్కింది. 1965లో పందాలు మానేసి టొలెడోలో సైకిళ్ల దుకాణం నడిపాడు. కొండల మేటికి ఇచ్చే ఎర్ర చుక్కల జెర్సీ 1975లో వచ్చింది కాబట్టి, ఆరుసార్లు గెలిచినా దాన్ని ఆయన తొడగలేదు. దాన్ని తొలిసారి గెలిచిన బెల్జియం వాడు లూసియెన్ వాన్ ఇంప్ 1983లో ఆరుకు చేరి, బహమాంటెస్ మీద గౌరవంతో అక్కడే ఆగానన్నాడు. 2004లో రిషార్ విరెంక్ ఏడోసారి గెలిచి ఆ లెక్క దాటాడు. అయినా 2013లో ఫ్రెంచి క్రీడాపత్రిక లెకిప్, టూర్ చరిత్రలో కొండలెక్కినవాళ్లందరిలో మేటిగా బహమాంటెస్‌నే ఎంచింది. ఆ ఏడే ఆయనకు ఎనభై అయిదేళ్లు నిండాయి.