వ్యాకోచ సిమెంటు: ఒక నిర్వచనానికి వ్యాఖ్య

"తొలి రోజుల్లో, నిర్బంధంలో వ్యాకోచించి, తర్వాత వచ్చే సంకోచాన్ని భర్తీ చేసే సిమెంటు."

సంకోచాన్ని: కాంక్రీటులో మిగిలిన నీరు ఆరేకొద్దీ అది కుంచించుకుపోతుంది. పరీక్షల వివరాలు లేనప్పుడు డిజైనుకు ఈ సంకోచాన్ని 0.0003గా తీసుకోవచ్చని మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. అంటే 10 మీటర్ల స్లాబుకు 3 మిల్లీమీటర్లు. స్లాబును కదలనివ్వకుండా దూలాలు, గోడలు పట్టి ఉంచుతాయి. లాగుడుకు తాళలేని కాంక్రీటు పగులుతుంది.

వ్యాకోచించి: ఈ పని ఎట్రింగైట్ అనే స్ఫటికానిది. అల్యూమినేటు, సల్ఫేటు, సున్నం నీటితో కలిసి అది సూదుల్లా పెరుగుతుంది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ క్లైన్ కాల్షియం సల్ఫోఅల్యూమినేటుతో రూపొందించిన సిమెంటే కె-రకం. ఎం, ఎస్ రకాల్లో ముడిసరుకు వేరు, పుట్టే స్ఫటికం ఒకటే.

తొలి రోజుల్లో: గట్టిపడిన కాంక్రీటులోకి మట్టిలోని సల్ఫేటు ఏళ్ల తర్వాత చొరబడితే ఇదే ఎట్రింగైట్ దాన్ని చీల్చేస్తుంది. అందుకే దాని పెరుగుదల మొదటి వారంలోనే ముగిసిపోవాలి. దాని రసాయన సూత్రంలోనే 32 నీటి అణువులున్నాయి కాబట్టి ఆ వారమంతా స్లాబు తడిగా ఉండాలి. క్యూరింగ్‌లో అశ్రద్ధ చేస్తే, ఏ గుణం కోసం ఎక్కువ ధర పెట్టి కొన్నామో అదే దక్కదు.

నిర్బంధంలో: ఈ మాటనే ఎక్కువమంది మరిచిపోతారు. ఉబ్బే కాంక్రీటును లోపలి కమ్మీలు పట్టి ఆపుతాయి. కమ్మీలు సాగుతాయి, కాంక్రీటు నొక్కుడులో పడుతుంది. తర్వాత ఆరేటప్పుడు వచ్చే సంకోచం ముందుగా ఆ నొక్కుడును కరిగించాలి. అది అయిపోయాకే లాగుడు మొదలవుతుంది. కమ్మీలే లేకపోతే నొక్కుడు నిలవదు, ఉబ్బు మితిమీరితే కాంక్రీటు తనంతట తానే చిట్లుతుంది. ఈ సిమెంటు వాడుతున్నాం కదా అని ఇనుము తగ్గించడం దాని మూలసూత్రాన్నే తీసేయడం.

భర్తీ: సంకోచం ఆగదు, దాని ఫలితమే తగ్గుతుంది. యంత్రాల బేస్ ప్లేటు కింద పోసే గ్రౌటులో ఇది మరీ ముఖ్యం. గ్రౌటు కుంచించుకుంటే ప్లేటుకు ఆసరా పోతుంది, అదురుకు బోల్టులు వదులవుతాయి. కొన్ని గ్రౌటుల్లో అల్యూమినియం పొడి కలుపుతారు. దాని హైడ్రోజన్ బుడగలు గ్రౌటు గట్టిపడకముందే ఉబ్బిస్తాయి, తర్వాత ఆరేటప్పటి సంకోచానికి అవి అక్కరకు రావు. బస్తా మీద 'నాన్-ష్రింక్' అని ఉంటే, ఆ హామీ పచ్చి దశకా, గట్టిపడ్డ తర్వాతకా అని అడిగి తీరాలి.